మామిడి పండుగ కబురు

చర్ల అవతలి ఆ కోయల అడవి ఊరి నుంచి మస్కట్ దాకా వెళ్లిన మనిషి నాగక్క ఒక్కతే. భర్త పోయాక రెండేళ్లు పోడు చేనుతో ఒంటరిగా తిప్పలు పడి, చేతకాక, అక్కడ ఒక బడిలో నేలలు తుడిచే కొలువుకు విమానం ఎక్కింది. దిగి చూస్తే నగరం చుట్టూ కొండలే కానీ, వాటి మీద చెట్టన్నది లేదు. తోలు ఒలిచిన మేకల్లా ఉన్నాయనుకుంది. నెల రోజులు అన్నం సరిగా దిగలేదు.

గదిలో తోడున్న వనజది కారేపల్లి. అంతకు మూడేళ్ల ముందే వచ్చింది. గట్టి మనిషి, ఏడుపు చూస్తే విసుగు. ఇక్కడ బతకాలంటే వారానికొకటైనా నచ్చేది వెతుక్కోవాలని, లేకుంటే పిచ్చెక్కుతుందని ఖరాఖండిగా చెప్పింది. నాగక్క చెప్పిన మాట వినే మనిషి కదా, సెలవు రోజున నచ్చేదాని కోసం బయలుదేరేది. ఒక వారం సముద్రం దొరికింది. అన్ని నీళ్లుండీ తాగడానికి గుక్కెడు పనికిరాకపోవడం చూసి నవ్వొచ్చింది. ఇంకో వారం చేపల బజారు. మరో వారం ఆమె రోడ్డు దాటబోతే ఒక కారు ఆగి, చెయ్యి ఊపి దారిచ్చింది. తన కోసం ఆగిన బండి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిది.

దొరికిన ప్రతిదాన్నీ ఊళ్లో ఉన్న అన్న పగిడయ్యకు ఫోన్లో చెప్పేది. ఆమె కోయ భాష మాట్లాడగలిగేది ఆయనతోనే. సిగ్నల్ కోసం ఆయన పెద్ద రోడ్డు దాకా నడిచి రావాలి. అంత దూరం నడిచొచ్చినవాడికి ఏడుపు వినిపించడం ఎందుకని మోకాళ్ల నొప్పులూ, దిగులూ కడుపులోనే దాచుకొని సముద్రం గురించీ కార్ల గురించే చెప్పేది.

ఆ నగరంలో మామిడిపండ్లు సంక్రాంతి నాటికే దుకాణాల్లో రాశులు పోసి ఉంటాయి. నాగక్క వాటి వంక చూసేది కాదు. వాళ్ల ఊళ్లో ఏప్రిల్‌లో మామిడి పండుగ చేసి, దేవత ముందు ఇంటికో కాయ పెట్టందే ఎవరూ కొత్తకాయ నోట పెట్టరు. నాగక్క ఇంటి కాయ పగిడయ్య పెట్టి, ఫోన్ చేసి చెప్పేవాడు. ఆ కబురు వచ్చాకే ఆమె పండు కొనేది. మస్కట్ పండ్లకూ మీ ఊరి దేవతకూ ఏం సంబంధమని వనజ ఎగతాళి చేసేది. ఆ ఫోన్ వచ్చిన రోజున మాత్రం నాగక్కకు తనూ ఊరి మనుషుల్లో ఒకతెనని అనిపించేది. ఆ ఒక్క రోజు కోసం మిగతా ఏడాదంతా ఓర్చుకునేది.

మూడో ఏడు కబురు రాలేదు. ఏప్రిల్ పోయింది, మే పోయింది. తానే చేస్తే ఫోన్ అందలేదు. ఊళ్లో ఎవరైనా పోయారేమో, అందుకే పండుగ ఆగిందేమోనని కుమిలిపోయింది. వనజ పండు కోసి పెడితే ముఖం తిప్పుకుంది. జూలైలో అన్న ఫోన్ చేసి, వానలు పడ్డాయని, ఆమె చేనులో కూడా పత్తి గింజలు పెట్టానని చెప్పాడు. పండుగ మాట ఎత్తనే లేదు. చివరికి ఆమే అడిగింది.

“పండుగ ఎప్పుడో అయిపోయింది చెల్లె. ఈసారి నీ కాయ పెట్టలే. నీకు ఆడ అన్నీ మంచిగున్నయంటివి గద. ఆడి పండ్లు తింటనే ఉంటవ్ అనుకున్నం.”

ఆయన గొంతులో కోపం లేదు, నిష్ఠూరమూ లేదు. అందుకే ఆమెకు గుండె కోసినట్టయింది. మూడేళ్లుగా ఏరి ఏరి చెప్పిన మంచి మాటలు విని ఊరు తన మీద బెంగ మానేసింది. ఒక్కసారి ఏడ్చి ఉంటే కాయ పెట్టేవాళ్లేమో. ఇప్పుడు ఏడ్చినా ఏం లాభం?

“అవ్ అన్నా, తింటనే ఉన్న,” అంది.

అన్నతో అన్న మాట అబద్ధం కాకూడదని ఆ సాయంత్రమే వెళ్లి ఒక పండు కొనుక్కొచ్చింది. గది ముందు మెట్ల మీద కూర్చొని కోసింది. మొదటి ముక్క ఎవరి ముందు పెట్టాలో తెలియలేదు. కాసేపు చేతిలో పట్టుకొని కూర్చుని, రసం మోచేతి దాకా కారుతుంటే, తనే తినేసింది.