పిలిస్తేనే పలికే బావ

మా బావ ఎప్పుడూ పూర్తిగా మేలుకుని ఉండడు. అలాగని నిద్రపోతున్నాడని కూడా అనలేం. కుర్చీలో నిటారుగా కూర్చుని, రెప్పలు సగం దించి, మొహంలో ఏ భావమూ లేకుండా ఉంటాడు. పేరు పెట్టి పిలవండి, భుజం తట్టండి, చెవి దగ్గర నోరుపెట్టి అరవండి, ఉలుకూ పలుకూ ఉండదు. స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టండి. అదీ ఎలాపడితే అలా కాదు. గబగబా రెండు, కాస్త ఆగి ఒకటి, మళ్లీ గబగబా రెండు. అప్పుడు రెప్పలు లేస్తాయి. "ఆఁ, చెప్పు," అంటాడు, అప్పటిదాకా మనతోనే కబుర్లాడుతున్నట్టు.

ఈ రహస్యం మా అక్క కనిపెట్టింది. పెళ్లయిన కొత్తల్లో ఆయన ఎంత పిలిచినా పలక్కపోతే చెవుడేమోనని హడలిపోయి చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, "ఏమండీ, వినబడుతోందా?" అని గట్టిగా అడిగాడట. బావ తాపీగా, "మీ చేతి గడియారంలో ముల్లు ఎక్కడో రాసుకుంటోందండీ, బాగుచేయించుకోండి," అన్నాడట. అక్కకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి, వంటింట్లో గ్లాసు తీసుకుని చెంచాతో తన కోపమంతా దాని మీద చూపించింది. టింగుటింగు... టింగ్... టింగుటింగు. బావ చేతులు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో "ఏవండీ" అన్న మాటకు పనిలేకుండా పోయింది.

ఆఫీసులో ఆయనకు స్టాండ్‌బై గారని పేరు. వైర్‌లెస్ పరికరాలకు చెవులు తయారుచేసే ఇంజనీరు ఆయన. ఆ చెవులు సరిగ్గా వింటున్నాయో లేదో చూసే టెస్టింగు మనిషిని నేను. అక్క మొగుడి కింద ఉద్యోగం చేయడమంటే ఏమిటో చేసినవాళ్లకే తెలుస్తుంది. నా సొరుగులో మీటర్ల పక్కన ఎప్పుడూ ఒక గ్లాసూ ఒక చెంచా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి ఇక్కడ టీ ఇస్తారనుకుని ఆశగా కూర్చుంటారు.

"ఒరేయ్, బ్యాటరీని తినేసేది మాట్లాడటం కాదురా, వినడం," అన్నాడు నేను చేరిన మొదటిరోజునే. "ఎవరైనా పిలుస్తారేమోనని పొద్దస్తమానం చెవులు రిక్కించుకుని కూర్చోవడం ఉంది చూశావూ, అదే కొంప ముంచుతుంది. పిలుపొచ్చేది ఎప్పుడో ఒకసారి. దానికోసం రేడియో మొత్తం మేలుకుని ఉండాలా?"

"పడుకుంటే పిలుపెలా వినబడుతుంది బావా?"

"అందుకే ఒక బుల్లి డిటెక్టరు పెడతాం. అది మాత్రం కునుకు తీయదు. కానీ దాని తిండి చీమ తిండి. తన పిలుపు వినగానే పెద్ద రిసీవర్‌ని తట్టి లేపుతుంది. మిగతా లోకం ఎంత గోలపెట్టినా దానికి పట్టదు."

"అచ్చం నీలాగే."

"నాలాగే," అన్నాడు గర్వంగా. అందులోని వెటకారం ఆయన డిటెక్టరుకు అందలేదు.

ఈ పద్ధతిని ఆయన లోకంలో దేనికైనా వర్తింపజేస్తాడు. ఎవరూ చూడని టీవీ కనబడితే ఆపేస్తాడు. చూస్తున్నవాళ్లుంటే, "నిజంగా చూస్తున్నారా?" అని అడిగి మరీ ఆపేస్తాడు. ఒకసారి మా పెద్దమ్మ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతుంటే దగ్గర నిలబడి విని, "అవతలివాళ్లు పెట్టేసి చాలాసేపయింది పెద్దమ్మగారూ," అన్నాడు. అది నిజమే కావడం వల్ల ఆవిడ ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు.

మా అక్క ఆసుపత్రిలో నర్సు. వార్డులో ఆవిడే పెద్ద. రోగి మంచం పక్కనున్న మీట నొక్కితే నర్సు చేతికున్న బ్యాండు మోగాలి, అదీ అక్కడి ఏర్పాటు. బ్యాండ్లు రోజంతా చెవులు తెరుచుకునే ఉంటాయి కాబట్టి మధ్యాహ్నానికే డీలాపడిపోయేవి. తీసి ఛార్జింగు పెట్టెలో పెట్టాల్సి వచ్చేది. ఒకనాడు అక్క బ్యాండు పెట్టెలో ఉన్నప్పుడు మూలమంచం మీదున్న ముసలాయన మంచినీళ్ల కోసం మీట నొక్కాడు. ఎవరూ రాకపోయేసరికి తనే లేవబోయి పడ్డాడు. మణికట్టు విరిగింది.

"పిలిచానమ్మా," అన్నాడట ఆయన, కట్టు కడుతున్నప్పుడు. తిట్టలేదు. అంతే అన్నాడు. ఆ మాట అక్కను పట్టుకుంది. మర్నాటినుంచి బ్యాండును నమ్మడం మానేసింది. డ్యూటీలో ఉన్నంతసేపూ ఈ చివరినుంచి ఆ చివరికి, ఒక్కో మంచం దగ్గరా ఆగుతూ నడవడం మొదలుపెట్టింది. వార్డులో ఆవిడ కుర్చీ మీద బట్టలు పెట్టుకోవడం తప్ప ఎవరూ కూర్చున్నది లేదు. కొన్నాళ్లకు కాళ్లు దిమ్మల్లా వాచాయి. మేట్రన్ గారు చూసి, "ఇలాగైతే నిన్ను స్టోర్సులోకి మార్చేస్తానమ్మా, దూది లెక్కపెట్టుకుందువుగాని," అని ఖచ్చితంగా చెప్పేశారు. మంచాల మధ్య తిరగడమే ప్రాణంగా బతికిన మనిషిని దూదిమూటల మధ్య కూర్చోబెడతానంటే ఎలా ఉంటుంది?

ఆ సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అక్క వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. బావ వచ్చి ఎదురుగా నిలబడి ఆ కాళ్లను చాలాసేపు చూశాడు. ఏదో ఓదార్పు మాట చెబుతాడని నేను ఎదురుచూశాను.

"ఈ నీళ్లు కాచడానికి రోజూ ఎంత కరెంటవుతోందో తెలుసా?" అన్నాడు.

నాకు తిక్క రేగింది. "నీకు మనసనేది ఉందా బావా? అక్క కాళ్లు చూడు, ఎలా ఉన్నాయో!"

"చూశాను. అందుకే అడుగుతున్నా."

"ఊరుకోరా తమ్ముడూ," అంది అక్క నవ్వేస్తూ. "ఆయన సంగతి నాకు తెలీదా ఏమిటి? గ్లాసు కొట్టనిదే ప్రేమ కూడా మేలుకోదు."

బావ అప్పటికే రెప్పలు దించేశాడు.

ఆ ఆసుపత్రికి కొత్త బ్యాండ్లు చేసిచ్చే పని మా ఆఫీసుకే వచ్చింది. డైరెక్టరు గారు సమావేశం పెట్టి బోర్డు మీద బొమ్మలు గీసి ఒక ఉపాయం చెప్పారు. బ్యాండు కాసేపు పడుకోవాలి, లేచి ఎవరైనా పిలుస్తున్నారా అని చూడాలి, మళ్లీ పడుకోవాలి. బ్యాటరీ నెలల తరబడి వస్తుంది, పని తొందరగా అయిపోతుంది. అందరూ బాగుందంటే బాగుందన్నారు. బావ మాత్రం శిలావిగ్రహంలా ఉన్నాడు.

"స్టాండ్‌బై గారేమంటారు?" అన్నారు డైరెక్టరు గారు. నా వంక చూశారు. నేను గ్లాసు తీసి కొట్టాను.

"వద్దండీ," అన్నాడు బావ.

"ఏది వద్దు? మీరసలు విన్నారా?"

"మొదటినుంచీ విన్నాను. అది పడుకున్నప్పుడు పిలిచినవాడి గతేమిటి? లేచేదాకా ఆగాలా? పిలిచినవాడు ఆగకూడదండీ. నా డిటెక్టరు పెడదాం."

డైరెక్టరు గారు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. ఆసుపత్రివాళ్లు ఒక రోజు పరీక్ష చూస్తారు, అది గనక తప్పితే మారుమాట్లాడకుండా తన ఉపాయమే ఖాయం.

బావ చేసిన డిటెక్టరు నిజంగానే చీమ తిండి తింది. నా మీటరు పాడైందేమోనని మరో మీటరు తెచ్చి చూశాను. అదీ అంతే చూపించింది. మా సంబరం భోజనాల వేళ దాకా సాగింది. సరిగ్గా అప్పుడు బల్ల మీదున్న బ్యాండ్లన్నీ ఒక్కసారిగా మేలుకున్నాయి. ఎవరూ పిలవలేదు. కాసేపటికి వాటంతటవే పడుకున్నాయి. మళ్లీ లేచాయి. సాయంత్రానికి బ్యాటరీలు నీరసించాయి.

ఇది రోజూ జరిగింది. దేని అలలు తగులుతున్నాయోనని బావ నా ఫోన్ లాక్కున్నాడు. లిఫ్టు ఆపించాడు, డైరెక్టరు గారిని లోపల పెట్టి. అయినా భోజనాల వేళకు బ్యాండ్లు లేచి కూర్చునేవి. "వీటికీ ఆకలేస్తోందేమో బావా," అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, ఒక బ్యాండు పట్టుకుని తిన్నగా క్యాంటీన్‌కు నడిచాడు. అక్కడ క్యాంటీన్ ఆవిడ మైక్రోవేవ్ ఓవెన్‌లో ఎవరిదో డబ్బా వేడిచేస్తోంది. తలుపు తీస్తే బ్యాండు పడుకుంటోంది, మూసి తిప్పితే లేస్తోంది. ఓవెన్ లోపలినుంచి కాస్తంత కారే అలలూ మా బ్యాండు పిలుపూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నాయి మరి. మా బుల్లి డిటెక్టరుకు ఏదో పిలుపు వచ్చిందని తెలుస్తోంది గానీ, ఎవరు పిలిచారో తెలియడం లేదు.

బావ ఓవెన్ ప్లగ్గు పీకి జేబులో వేసుకున్నాడు. అంటే, వైరుతో సహా ఓవెన్ ఆయన వెంట వచ్చింది.

వారం పాటు ఆఫీసంతా చల్లారిన భోజనం తింది. అకౌంట్స్ వాళ్లు బావతో మాట్లాడటం మానేశారు. ఆయన అది గమనించనేలేదు. "ఆసుపత్రిలోనూ పాలు వేడిచేసే ఓవెన్ ఉందిగా, దాన్నీ ఎత్తుకొస్తావా?" అన్నాను చివరికి. ఆయన మొహం వాడిపోవడం నేను మొదటిసారి చూశాను. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు వీధిదీపాలు పగలే వెలుగుతున్నా ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. అంత దిగులన్నమాట.

మర్నాడు సెలవు. వాళ్లింట్లో మధ్యాహ్నం మిక్సీ తిరుగుతోంది, కుక్కరు కూత పెడుతోంది, పక్కింటివాళ్లు గోడకు మేకు కొడుతున్నారు. ఆ గోలలో అక్క గ్లాసు తీసుకుని మెల్లగా కొట్టింది. బావ లేచాడు. చేతులు కడుక్కున్నాడు. కంచం ముందు కూర్చుని, గ్లాసు వంక చూసి, మిక్సీ వంక చూసి, మళ్లీ గ్లాసు వంక చూసి, తడిచేతులతోనే చెప్పులేసుకుని ఆఫీసుకు పోయాడు.

"పెళ్లయినప్పటినుంచీ ఆ మోతకు లేచి తినకుండా వెళ్లడం ఇదే మొదలురా," అంది అక్క, కంగారుగా.

పరీక్ష రోజున డైరెక్టరు గారు, మేట్రన్ గారు, నేను వార్డులో నిలబడ్డాం. బావ అక్క ఖాళీ కుర్చీలో కూర్చుని రెప్పలు దించేశాడు. బ్యాండు అక్క చేతికి ఉంది, నమ్మకం మాత్రం లేదు. ఆవిడ మంచం నుంచి మంచానికి నడుస్తూనే ఉంది. ఓవెన్ ఆపించమంటారా అని డైరెక్టరు గారు నన్ను అడిగారు. అప్పటికే పక్కగదిలో అది తిరుగుతోంది. తిప్పుతూనే ఉండమని బావే చెప్పి వచ్చాడట. కానీ ఎన్ని గ్లాసుల పాలు కాగినా బ్యాండు కిక్కురుమనలేదు.

"పనిచేస్తోందా, చచ్చిందా?" అన్నారు మేట్రన్ గారు.

అంతలో మూలమంచం మీదున్న లారీ డ్రైవరు మీట నొక్కాడు. అక్క మణికట్టు మీద బ్యాండు వెంటనే మోగింది. జుజ్జుం... జుం... జుజ్జుం.

అక్క ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత గబగబా మూలమంచం దగ్గరికి వెళ్లి, అతనికి దిండు సర్ది, నీళ్లు తాగించి, అప్పుడు వెనక్కి తిరిగింది. ఈలోగా మా బావ కుర్చీలోంచి లేచి ఎటో బయల్దేరాడు.

"ఎక్కడికండీ?" అన్నారు డైరెక్టరు గారు.

"చేతులు కడుక్కోవడానికి," అన్నాడు బావ. అని, తనెక్కడున్నాడో చూసుకుని ఆగిపోయాడు.

"ఏవండీ!" అంది అక్క. ఆ పిలుపుకి ఆయన పలకడం ఆ రోజే చూశాను. "ఇది నేను మిమ్మల్ని భోజనానికి పిలిచే మోత కదూ?"

"అవును. ఓవెన్‌కి ఊదరగొట్టడమే తెలుసు, ఇలా కొట్టడం రాదు. అందుకని మీట నొక్కితే ఈ మోతే వెళ్లేట్టు చేసి, డిటెక్టరుకు ఇదే నేర్పాను. ఇది తప్ప దేనికీ లేవదు." సంజాయిషీ ఇస్తున్నట్టు అన్నాడు. "ఇన్నేళ్లుగా నా మీద పరీక్ష అయిన మోత ఇది. ఎంత గోలలోనూ ఒక్కసారి తప్పలేదు. ఇంతకన్నా నమ్మకమైనది నాకు తెలీదు."

"దీనికోసమా ఊరందరి చేతా చల్లన్నం తినిపించారు?"

"నీ కాళ్లు అనవసరంగా కరెంటు తింటున్నాయే," అన్నాడు బావ ఆవిడ పాదాల వంక చూస్తూ. "వినడానికి నడవక్కర్లేదు. పిలిచినప్పుడు నడిస్తే చాలు. ఇంట్లో ఆ బకెట్ ఖర్చు కూడా తప్పుతుంది."

ఇదీ మా బావ ఓదార్పు. కాస్త ఆలస్యంగా వచ్చింది గానీ, వచ్చాక తిరుగులేదు. అక్క కుర్చీ మీద ఆయన వదిలేసిన కోటు తీసి ఆయన చేతిలో పెట్టి, తీరిగ్గా కూర్చుంది. మేట్రన్ గారు దూది మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ ఆసుపత్రిలో అన్ని వార్డుల్లోనూ అవే బ్యాండ్లు. మా బావను మాత్రం లోపలికి రానివ్వడం లేదు. ఎక్కడ బ్యాండు మోగినా చేతులు కడుక్కుని కంచం కోసం వెతుకుతున్నాడని రోగులు బెంబేలెత్తిపోతున్నారట. క్యాంటీన్ ఆవిడకు ఓవెన్ తిరిగిచ్చేశాడు గానీ, అకౌంట్స్ వాళ్లు అది ఆన్‌లో ఉన్నంతసేపూ దానికి కాపలా కాస్తున్నారు.

మొన్న ఏదో పని మీద అక్క దగ్గరికి వెళ్లాను. వార్డు ప్రశాంతంగా ఉంది. అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, రెప్పలు సగం దించి, హాయిగా ఉంది. "అక్కా," అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. "అక్కా, నేనే," అన్నాను. ఊహూఁ. ఇక లాభం లేదని పక్క ట్రేలో ఉన్న మందుల గ్లాసూ చెంచా తీసుకుని కొట్టాను.

"ఆఁ, చెప్పరా," అంది అక్క. వార్డులో ఉన్న నర్సులందరూ ఒక్కసారిగా తమ మణికట్లు చూసుకున్నారు.