కేబుల్ మెషీన్‌కు కట్టిన తువ్వాలు

కేబుల్ లాగి బరువులెత్తే వ్యాయామపు కేబుల్ మెషీన్ సెకండ్ హ్యాండ్‌లో కొని ఇంట్లో పెట్టించాను. దానితో, పట్టుకుని లాగే హ్యాండిల్ రాలేదు. వీపుకైతే పొడవాటి బార్ మంచిది, చేతులకైతే రోప్ మంచిది. అన్నిటికీ పనికొచ్చేది ఒక్కటే కొనాలని పట్టుబట్టి, వీడియోలు చూస్తూ నెల గడిపాను. మెషీన్‌ను ముట్టుకోలేదు.

ఈ సాయంత్రం కార్ఖానా ఏరియాలో జిమ్ సామాను షాపుకు వెళ్లి, ఉన్నవన్నీ లాగి చూసి, చివరికి రోప్ కొన్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మ మెషీన్ ముందు కుర్చీ వేసుకుని టీవీ చూస్తోంది. కేబుల్ కొక్కేనికి పాత తువ్వాలు ముడేసి ఉంది. తక్కువ బరువు పెట్టుకుని కిందికి లాగుతోంది. వదిలినప్పుడల్లా, ఎప్పటినుంచో పట్టేసిన ఆమె కుడిచెయ్యి మెల్లగా పైకి లేస్తోంది.

"గిదేందమ్మా, ఎప్పటిసంది చేస్తున్నవ్?"

"నువ్వు ఫోన్ల వీడియోలు చూసుడు షురూ చేసినప్పటిసంది. డాక్టర్ చెయ్యి లేపమన్నడు గద."

"నాకు చెప్పొచ్చు గద."

"నువ్వే పరేషాన్ల ఉంటివి. ఎందుకు కదిలియ్యాలె అని ఊకున్న."

రోప్ తీసి చేతికిచ్చాను. పట్టుకుని చూసింది.

"మంచిగనే ఉన్నది గని జెర గరుకుగున్నది. నాకు తువ్వాలే ఉండనియ్యి."

లేచి, రెండు చేతులూ వెనక్కి పెట్టి కొప్పు ముడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. మొన్నటిదాకా ఆ కొప్పు మా ఆవిడ ముడిచేది.

మీ ఇంట్లోనూ ఎంపిక తేలక ఆగిపోయిన వస్తువుంటే, ఈపాటికి దాన్ని ఎవరు వాడుతున్నారో కనుక్కుని చెప్పండి.