దారి మళ్లించిన వరుస

ఆ పత్రికాఫీసులో ఆమెను అందరూ సర్వరక్క అనేవారు. పత్రిక వెబ్‌సైటు నాలుగుసార్లు రూపం మారింది. మారినప్పుడల్లా పేజీల చిరునామాలూ మారాయి. పాత చిరునామా నొక్కినవాళ్లు తిన్నగా కొత్త పేజీకి చేరాలంటే సర్వరులో రూల్సు రాయాలి. పదహారేళ్లుగా అవి రాసింది సర్వరక్కే. ఒక్క చుక్క తప్పు పడినా సైటంతా పడకేస్తుంది కనుక, బియ్యంలో రాళ్లేరినట్టు వరుస వరుసా చూసుకునేది. బాగా చేస్తే ఎవరి కంటా పడని పని అది.

కొత్తగా వచ్చిన మేనేజరు ఆ ఫైలు చూసి నవ్వాడు. మూడు వేల వరుసలా, ఇదేం చాదస్తం అన్నాడు. పాతవాటిని, మరణవార్తలతో సహా, ఒకే రూలుతో మొదటి పేజీకి తోలేయమన్నాడు. వచ్చినవాళ్లు ప్రకటనలైనా చూస్తారట.

"పోయినవాళ్ల పేజీలు జనం దాచుకుంటారు సార్. అప్పుడప్పుడూ చూసుకుంటారు," అందామె.

"రోజుకి ఎంతమంది?"

"ముప్పై, నలభై మంది ఉంటారు."

"అంటే మీరు నలభై మంది కోసం ఉద్యోగం చేస్తున్నారన్నమాట."

రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. తన వరుసలన్నీ తీసేసి, ఆ ఒక్క వరుసనూ తన చేత్తోనే రాసింది. ఫైలు ఇప్పుడు చూడముచ్చటగా ఉందని మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నాడు. ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది.

వారం తిరిగేలోగా వదిన ఫోను చేసింది. అన్నయ్య పోయి ఆరేళ్లు. అప్పుడు పత్రికలో పడ్డ ఫొటోనూ నాలుగు మాటలనూ వదిన రోజూ పొద్దున్నే చూసుకుంటుందని సర్వరక్కకు ఆవేళే తెలిసింది.

"ఆయన పేజీ నొక్కితే పరుపుల ప్రకటన వస్తోందే. నా ఫోను పాడైందంటావా?"

"ఫోను బానే ఉంది వదినా. ఆఫీసులో ఏదో పని జరుగుతోంది. రేపటికి వస్తుందిలే."

మర్నాడు గుట్టుచప్పుడు కాకుండా, ఆ రూలుకు పైన, సర్వరు ముందుగా చదివే చోట, ఇంకో వరుస చేర్చింది. అన్నయ్య పేజీ ఒక్కదానికే. నువ్వుండబట్టి సరిపోయిందని వదిన మురిసిపోయింది.

నెలాఖరులో ఒక ముసలి టైలరు ఆఫీసుకు వచ్చాడు. కూతురు పోయినప్పటి వార్త కనిపించడం లేదని, ఆ ఫొటో తప్ప తన దగ్గర ఇంకొకటి లేదని చెప్పుకున్నాడు. మేనేజరు సర్వరక్కను పిలిపించి, విషయం చెప్పి పంపమని పక్కనే నిలబడ్డాడు. ఇంకో వరుస చేర్చడం ఆమెకు నిమిషం పని. కానీ ఫైలు తెరిస్తే అన్నయ్య వరుస మేనేజరు కంటపడుతుంది, అదెవరిదని అడుగుతాడు.

"పాతవన్నీ తీసేశారండీ. ఇక రావు," అంది. తీసేశాను అనడానికి నోరు రాలేదు.

ముసలాయన ఆమె మొహంలోకి చూశాడు.

"మీ ఇంట్లోవాళ్లవి కూడానా అమ్మా?"

"అవునండీ."

"ఊరుకోమ్మా, ఏం చేస్తాం," అని ఆమెనే ఓదార్చి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రెండేళ్లకు ఆమె రిటైరైంది. వదిన ఇప్పటికీ రోజూ ఆ పేజీ చూసుకుంటుంది. సర్వరక్క మాత్రం దాన్ని మళ్లీ తెరవలేదు.