పదకొండు సెకన్ల పాట

దయ్యాలు, ఆత్మలు అనే మాటలను నేను ఏనాడూ లెక్కచేయలేదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. చదివింది ఎలక్ట్రానిక్స్. ఇరవై ఏళ్లుగా అనంతపురంలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తున్నాను. యంత్రం తప్పు చేస్తే దానికొక కారణం ఉంటుంది, వెదికితే దొరుకుతుంది. ఈ ఒక్క విషయంలో దొరకలేదు.

మాది ఉరవకొండ దగ్గర వేరుశనగ పండించే పల్లె. నేను డిగ్రీ చివరి పరీక్షలు రాస్తున్న ఏడాది వానలు లేక ఊళ్లో అఖండ భజన పెట్టారు. ఒక పగలు, ఒక రాత్రి పాట క్షణమైనా ఆగకూడదు. ఒక జట్టు అలసిపోతే ఇంకొక జట్టు అదే చరణాన్ని అందుకోవాలి. మధ్యాహ్నం మా నాయన జట్టు వంతు. తరువాతి జట్టు భోజనాల దగ్గర ఆలస్యం చేసింది. నాయన గొంతు పోయి పాట తెగిందన్నారు. ఆ ఏడు వాన రాలేదు. ఊరు ఆ తప్పును నాయన మీద పెట్టింది. ఆయన మళ్లీ తాళాలు పట్టలేదు.

ఆ భజనను రికార్డు చేసింది మా స్టూడియో యజమానే. పాట ఒక్కో మైకుకు ఒక్కో ట్రాకు చొప్పున ఎనిమిది ట్రాకుల డిజిటల్ టేపు మీద, దృశ్యం వీడియో క్యాసెట్ మీద ఎక్కించారు. బతికి ఉన్నంతకాలం నాయన నన్ను వాటి జోలికి పోనివ్వలేదు. పోయిన ఏడాది ఆయన కాలం చేశారు.

సంవత్సరీకానికి నెల ముందు అమ్మ స్టూడియోకు వచ్చింది. గుమ్మం దాటలేదు.

“మీ నాయన పాట తెంపినాడా, లేదా? ఆ మిషన్లో ఉండాది గదా. పదిహేనేండ్లు చదివిచ్చినాము, ఇది చూసి చెప్పలేవా?” అంది.

మరునాడు ఉదయం పని మొదలుపెట్టాను. బాధ గాని, ఆత్రం గాని లేవు. నాయన పోయినప్పటినుంచి నేను అలాగే ఉన్నాను.

టేపు, వీడియో వేరువేరు యంత్రాలు. వేగంలో కొంచెం తేడా వచ్చినా గంట గడిచేసరికి పెదవి ఒకచోట, మాట ఒకచోట పడతాయి. అందుకే యజమాని ఆనాడు టేపు రికార్డరు నుంచి టైమ్‌కోడ్‌ను, అంటే క్షణక్షణం పెరిగే గడియారపు అంకెలను, కెమెరా క్యాసెట్‌లోకి కూడా పంపారు. నేను వీడియోను నడిపిస్తూ ఆ అంకెల వెంట టేపునూ, కంప్యూటర్‌లోని తాళం లెక్కలు దాచే మిడి సీక్వెన్సర్‌నూ నడిపించాను. వింటూ తాళం దెబ్బలను కీబోర్డు మీద నొక్కి సీక్వెన్సర్‌లో గుర్తుపెట్టుకున్నాను. మూడూ చక్కగా కలిశాయి.

మధ్యాహ్నపు భాగం వచ్చింది. తెర మీద నాయన పాడడం ఆపేశారు. నోరు మూసుకుని తల వంచారు. తాళాలు ఒడిలో పడి ఉన్నాయి. జట్టులో ఎవరి పెదవీ కదలడం లేదు. షామియానా అంచు గాలికి కొట్టుకుంటూనే ఉంది కాబట్టి బొమ్మ నిలిచిపోలేదు.

టేపులో పాట ఆగలేదు. నాయన గొంతే, నాయన ముందు పెట్టిన మైకు ట్రాకులోనే. పదకొండు సెకన్ల తరువాత తెర మీద ఆయన తల ఎత్తారు. పెదవి, మాట మళ్లీ కలిశాయి. తాళం దెబ్బ సీక్వెన్సర్ లెక్కలో ఎక్కడ పడాలో అక్కడే పడింది.

శాంపిల్ రేటులో, అంటే యంత్రం సెకనుకు ఇన్నిసార్లని శబ్దాన్ని కొలిచే లెక్కలో, పొరపాటేమో అనుకున్నాను. అదైతే తేడా మొదటినుంచీ పెరుగుతూ పోవాలి. మధ్యలో వచ్చి మధ్యలో పోదు. టైమ్‌కోడ్‌లో ఒక్క అంకె జారలేదు. కేబుళ్లు మార్చాను, టేపును చదివే హెడ్డు శుభ్రం చేశాను. ఫలితం మారలేదు. చివరకు యజమానిని పిలిచి చూపించాను.

“ఆ పొద్దు హెడ్‌ఫోను నా చెవులకే ఉండె కదప్పా. పాట నిలిచిపోయినాది. నేనే ఇన్నా” అని, టేపు ఆపమని లేచిపోయారు.

సంవత్సరీకం నాడు ఊరికి పాటను మాత్రమే తీసుకుపోయాను. వీడియో చెడిపోయిందని అబద్ధం చెప్పాను. ఆనాడు నాయనను మొదట నిందించిన భజన పెద్ద నాకు వరుసకు పెదనాయన. ఆయన స్పీకరు చూసి నవ్వాడు.

“ఏమప్పా, సచ్చినోనితో కొత్తగా పాడిచ్చుకొచ్చినావా?”

పాట ఆ చోటు దాటాక నవ్వలేదు. మళ్లీ పెట్టమన్నాడు. మూడుసార్లు విని, కండువాతో మొహం తుడుచుకుని అమ్మ వైపు తిరిగాడు. “తెగలేదు. తప్పు మాదేమ్మా” అన్నాడు.

అందరూ వెళ్లిపోయాక అమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“వాళ్ల మాట ఇడ్సు. నువ్వు చెప్పు. తెగలేదా?”

“తెగలేదమ్మా” అన్నాను.

చెప్పేటప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు. ఆ తరువాత క్యాసెట్‌ను ఎన్నోసార్లు నడిపాను. నాయన నోరు మూసుకునే ఉంటుంది, నాయన గొంతు పాడుతూనే ఉంటుంది. అమ్మకు నేను నిజం చెప్పానో, అబద్ధం చెప్పానో ఈ రోజుకీ నాకు తెలియదు.