ఆడపిల్ల సాక్షి సంతకం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, ఇంకొకరు కట్టిన ఇల్లు కొని చూడమని ఎవరూ అనలేదు. అన్నా నేను వినేదాన్ని కాదులెండి. పంతొమ్మిదేళ్లు అద్దె ఇళ్లల్లో గడిపిన మనిషికి మంచి మాటలు చెవికెక్కవు. మా ఆయన ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో ల్యాబు ఉద్యోగి, నేను నందిగామలో లెక్కల టీచర్ని. ఉన్న ఇంటి ఓనరు గారు వాళ్లబ్బాయి కాపురానికి కావాలి, ఆర్నెల్లలో ఖాళీ చేయమన్నారు. సరిగ్గా అప్పుడే జగ్గయ్యపేటలో, బస్టాండుకి నడిచి వెళ్లేంత దూరంలో, పాత శ్లాబు ఇల్లొకటి అమ్మకానికొచ్చింది. రెండు గదులు, వంటిల్లు, వెనక బావి. నేను చూసిన రోజే మనసులో గృహప్రవేశం చేసేశాను.

అమ్ముతున్నది ఇద్దరు అన్నదమ్ములు. ఇల్లు వాళ్ల నాన్నగారు కట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మర్యాదస్తులే. మేం వెళ్లినప్పుడు పెద్దాయన కుర్చీ తుండుతో తుడిచి మరీ వేశారు. అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాం.

కాగితాలు ఎవరికి చూపించాలి అన్న దగ్గర మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా ఆయనది డాక్యుమెంట్ రైటర్ పార్టీ, నాది లాయరు పార్టీ. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చునే రైటరు మా ఫైలు తెరవకుండానే "మూడ్రోజుల్లో పనైపోద్ది మేడమ్" అన్నాడు. నాకు ఆ మూడు రోజులే నచ్చలేదు. ప్రశ్నపత్రం ఇచ్చిన ఐదు నిమిషాలకే "అయిపోయింది టీచర్" అని లేచే పిల్లలు నాకు కొత్త కాదు. వాళ్ల మార్కులూ నాకు తెలుసు.

లాయర్ని మాత్రం పొగడ్తలు విని కాదు, తిట్లు విని ఎంచుకున్నాను. మా స్కూల్లో తెలుగు మాస్టారు నందిగామలో స్థలం కొన్నప్పుడు ఒకాయనకి కాగితాలు చూపించారట. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మనిషండీ. రెండు నెలలు తిప్పాడు. అది తెండి, ఇది తెండి. ఆఖరికి పక్కవాడి హద్దు కూడా కొలిపించాడు" అని ఏడాదిగా స్టాఫ్ రూములో ఆయన్ని ఉతికి ఆరేస్తున్నారు. ఆ స్థలం మీద తర్వాత ఏమైనా పేచీ వచ్చిందా మాస్టారూ అని అడిగాను. లేదన్నారు. అడ్రసు రాసిమ్మన్నాను.

కోర్టు వెనక వీధిలో మేడ మీద గది ఆయనది. మాట తక్కువ. ఫోన్ చేస్తే ఎత్తరు. కాగితం మీద వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లాడు చదివినట్టు లైను లైనూ చదువుతారు. ఇంటి మీద ఇదివరకు జరిగిన అమ్మకాలూ తాకట్లూ చెప్పే ఈసీ నేనే ఆన్‌లైన్లో తీసి గర్వంగా ఇచ్చాను. ఆయన అది చదివి పక్కన పెట్టి, "ఇల్లు తండ్రి పేరున ఉంది. వీలునామా లేదు. ఆయనకి పిల్లలెంతమంది?" అన్నారు.

"ఇద్దరండీ."

"మీరు లెక్కపెట్టారా?"

లెక్కల టీచర్ని ఆ మాట అడిగితే ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెప్పించమన్నారు. అది వచ్చింది. అందులో మూడు పేర్లున్నాయి. మూడో పేరు కూతురిది.

పెద్దాయనకి ఫోన్ చేస్తే నవ్వేశారు. "మా చెల్లెలండీ. గరికపాడులో దాబా హోటల్లో వంట చేసుద్ది. దాందేముంది టీచర్ గారూ, రిజిస్ట్రేషన్ రోజున వచ్చి సాక్షి సంతకం పెట్టుద్ది. చీర కూడా కొనేశాం" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు అందులో తప్పేమీ కనపడలేదు. మా వైపు ఇది మామూలే. అమ్మినట్టు కొడుకుల పేర్లు రాస్తారు. కూతురు చివరి పేజీలో సాక్షిగా సంతకం పెట్టి, చీర తీసుకుని బస్సెక్కుతుంది. దానికి చట్టంలో ఏదో చోటు ఉండే ఉంటుందనుకుంటారు అందరూ.

లాయరు గారు తల అడ్డంగా ఊపారు. "సాక్షి అంటే, వేరేవాళ్లు సంతకం పెడుతుంటే పక్కనుండి చూసిన మనిషమ్మా. ఈవిడ చూసే మనిషి కాదు, అమ్మే మనిషి. మూడో వాటా ఆవిడది. అమ్మేవాళ్లుగా ముగ్గురి పేర్లూ ఉండాలి."

"వాళ్లు ఒప్పుకోకపోతే?"

"కొనకండి."

ఒళ్లు మండింది. ఆయనకేం, కొనకండి అనడానికి ఒక్క నిమిషం పట్టింది. పైగా, ఆవిడకి సంగతి తెలుసో లేదో మీరే వెళ్లి కనుక్కోండి, నేను మీ తరఫు లాయర్ని కాబట్టి నేను వెళ్లకూడదు అన్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నుంచి అటే గరికపాడు బస్సెక్కాను. చెక్‌పోస్టు దాటకముందే, లారీల వరసకి వెనకగా ఉంది ఆ హోటలు. ఆమెకి నలభై ఏళ్లుంటాయి. పిండి చేతులతోనే వచ్చింది. మీ ఇల్లు కొంటున్నది మేమేనని చెప్పగానే ముఖం విప్పారింది. "బావి పూడ్పించకండి టీచర్ గారూ, ఎండాకాలంలో కూడా నీళ్లుంటాయి" అంది. నేను అడగకముందే, "అన్నయ్యలు చెప్పారండీ. సంతకమేగా. ఆ పూట సెలవు పెట్టుకుని వచ్చేస్తా" అని టీ తెప్పించింది.

ఆ టీ తాగి లేచి వచ్చేయొచ్చు. ఆమె ఇష్టంగానే పెడుతోందని లాయరు గారికి చెప్పొచ్చు. ఆయన కాదంటే రేకుల షెడ్డు ఉండనే ఉంది. ఇల్లు నా చేతికి అందేంత దూరంలో ఉంది. ఈ ఆలోచనలన్నీ నాకు వచ్చాయి, రాలేదంటే అబద్ధమే. కానీ ఎనిమిదేళ్ల కిందట, మా నాన్నగారు పోయాక ఆయన పొలం అమ్మినప్పుడు చివరి పేజీలో సాక్షి సంతకం పెట్టింది నేనే. ప్రశ్న రెండుసార్లు చదవకుండా కలం ముట్టుకోవద్దని పిల్లల్ని గదమాయించే నేను, ఆ కాగితంలో ఒక్క ముక్క చదవలేదు. పెద్దన్నయ్య వేలు పెట్టి చూపించిన చోట పెట్టేశాను. వాళ్లిచ్చిన చీర ఆ క్రిస్మస్‌కి కట్టుకున్నాను కూడా. సంతోషంగానే కట్టుకున్నాను.

"సాక్షిగా పెట్టకండమ్మా. ఆ ఇంట్లో మీకూ వాటా ఉంది. వదులుకుంటారో తీసుకుంటారో మీ ఇష్టం. ఏదైనా తెలిసి చేయండి" అన్నాను.

"నాకా? ఆడపిల్లకి ఉంటదా అండీ?"

"మీ అన్నయ్యలకి ఎంతో మీకూ అంతే."

ఆమె పెనం మీద రొట్టె మాడుతోందని లోపలికి వెళ్లింది. నేను టీ సగంలో వదిలేసి వచ్చాను.

మూడో రోజున పెద్దాయన ఫోన్. చెల్లెలు వాటా అడిగిందట. "ఇల్లు కొంటానికొచ్చి మా ఇంట్లో నిప్పు పెట్టారు టీచర్ గారూ" అన్నారు. అంత మర్యాదస్తుడు నా జవాబు వినకుండానే పెట్టేశారు. తర్వాత రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. "కొరివితో తల గోక్కున్నావు. వాళ్ల గొడవ వాళ్లు పడేవాళ్లుగా" అని మా ఆయన రోజూ ఏదో ఒక పూట అంటూనే ఉన్నారు. ఖాళీ చేయాల్సిన గడువు దగ్గరపడింది. నేను నందిగామలో ఆ మేడ మెట్లెక్కి లాయరు గారి మీద అరిచాను. మీరు ఎవరి తరఫున పనిచేస్తున్నారు అని కూడా అన్నాను. ఆయన మంచినీళ్లు పోసిచ్చి, "ఇల్లు పోతే ఇంకోటి దొరుకుద్దమ్మా. కోర్టు దొరికిందంటే మాత్రం మనల్ని వదలదు" అన్నారు. ఓదార్పు అంటే ఆయన దృష్టిలో అదే.

తర్వాత ఆయన చేసిన పని ఒక్కటే. ముగ్గురూ అమ్ముతున్నట్టు దస్తావేజు చిత్తుప్రతి రాసి అన్నదమ్ములకి పంపించి, మీరూ మీ సొంత లాయరుకి చూపించుకోండి అన్నారు. వాళ్లు చూపించుకున్నారు. ఆ లాయరూ ఇదే మాట చెప్పాడట. అన్నదమ్ములు దిగొచ్చారు.

రిజిస్ట్రేషన్ రోజున వరండాలో బెంచీ మీద ముగ్గుర్నీ కూర్చోబెట్టి దస్తావేజు మొత్తం పైకి చదివారు లాయరు గారు. ఆమె పేరు వచ్చిన చోట ఆగి, "ఇది మీరేనమ్మా. మీకు ఇష్టమేనా?" అని అడిగారు. ఇష్టమేనంది. తీరా వేలిముద్ర దగ్గర మిషను ఆమె వేళ్లు తీసుకోలేదు. ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర కాలీ కాలీ గీతలు అరిగిపోయాయి. ఒక వేలు, రెండో వేలు, మూడో వేలు. వెనక నిలబడ్డ అన్నదమ్ములు గోడ మీది నోటీసులు చదువుతున్నారు. ఎవరో ఒకరు తుండు అందిస్తారేమోనని చూశాను. ఆమే కొంగుతో తుడుచుకుని, ఎడమచేతి ఉంగరం వేలు గట్టిగా అదిమింది. పడింది.

బయటికి వచ్చాక అన్నదమ్ములు ఆటో ఎక్కారు. వెనక సీట్లో చోటుంది. వెనక్కి తిరిగి చూడలేదు, రమ్మని పిలవలేదు. చీర ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను ఆమెతో బస్టాండు దాకా నడిచాను. ఇల్లు నాదైన రోజు. చిక్కులేని ఇల్లు. కానీ నా నోరు ఊరుకోదుగా.

"నేను మీకు చెప్పకుండా ఉండాల్సిందా అమ్మా?" అని అడిగాను.

"అదేంటండీ, మా అమ్మాయి నర్సింగు చదువుకి దారి దొరికింది" అంది. బస్సులొచ్చే వైపు చూస్తూ, "నేను అడక్కపోయుంటే మాత్రం, అడిగితే అన్నయ్యలు ఇచ్చేవాళ్లేలే అనుకుంటూ బతికేసేదాన్ని టీచర్ గారూ" అంది. గరికపాడు మీదుగా పోయే కోదాడ బస్సు వచ్చింది. ఎక్కింది.

మేం ఇల్లు మారాం. ఫైలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు నా సంతకం సంగతి లాయరు గారికి చెప్పాను. సాక్షి సంతకంతో వాటా పోదు, ఆ దస్తావేజు నకలు తీసుకురండి, చదువుతాను అన్నారు. ఆయన చదువుతారని నాకు తెలుసు, లైను లైనూ చదువుతారు. అది జరిగి ఏడాదవుతోంది. నేను తీసుకెళ్లలేదు. మా అన్నయ్యలు మంచివాళ్లు. అడిగితే ఇస్తారు. అందుకే అడగలేదు.