ఉతికేసిన చొక్కా

ఇందాక నీ కొత్త జీన్స్ తీసి బకెట్‌లో వేయబోతుంటే, అమ్మమ్మా, ఆ మరకలు కొన్నప్పుడే ఉన్నాయి, ఉతక్కు అన్నావు చూడు, నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా కబుర్లన్నీ రాస్తున్నావుగా, ఇది కూడా రాసుకో అమ్మాయ్, ఎందుకు ఆగిందో నా వయసువాళ్లు చదివితే వాళ్లకి తెలుస్తుంది.

ఖతర్‌లో వరల్డ్ కప్ కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. ఉమ్ సలాల్‌లో నేను పనిచేసే ఇంటి పక్క విల్లాలో ఇంగ్లండ్ సినిమావాళ్లు దిగారు, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే మనిషి కావాలంటే మా మేడమ్ నన్ను పంపింది. సినిమా అంటే తళుకులూ డాన్సులూ అనుకుని వెళ్లానా, తీరా చూస్తే కెమెరా ముందు ఉన్నది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన కూలీ. ముప్పై దాటిన మనిషి, నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. డ్యూటీ దిగి నడిచొచ్చి, గదిలో కూర్చుని అమ్మకి ఫోన్ చేయాలి, అంతే, తన బతుకు తనే నటించాలి. మొదటిరోజు వెనకనుంచి నడక తీశారు, ముఖం కనబడే ఫోన్ ముక్క మర్నాటికి ఉంచారు.

"ఊరంత చెప్పిందట అక్కా మా అమ్మ, కొడుకు దుబాయ్ సినిమాల కనవడ్తడని," అన్నాడు.

"ఇది ఖతర్ అని చెప్పలేదా?"

"ఆమెకు అన్ని దుబాయే."

వాళ్లమ్మ చూస్తుందన్న ఆ మాటే నా కొంప ముంచింది. సాయంత్రం అతను విడిచిన చొక్కా నిండా మట్టి, సిమెంటు, చెమట చారలు. కన్నతల్లి ఇన్నేళ్లకి కొడుకుని చూసేది ఈ అవతారంలోనా అనిపించి, ఎవరూ చెప్పకుండానే నానబెట్టి, బ్రష్ కొట్టి, ఇస్త్రీ చేసి తగిలించాను.

మర్నాడు బట్టలు చూసుకునే ఇంగ్లీషు ఆవిడ దాన్ని చూసి కుర్చీలో కూలబడిపోయింది. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. నిన్నటి ఫొటో చూపించింది. నిన్న నడిచినవాడూ ఇవాళ ఫోన్ చేసేవాడూ ఒకడే అనిపించాలంటే ఏ మరక ఎక్కడుందో అక్కడే ఉండాలట. నడక మళ్లీ తీద్దామంటే ఆ చోటికి అనుమతి ముందురోజుతోనే సరి. డికాషన్ పోశాం, పెరట్లో మట్టి రుద్దాం, ఏదీ ఆ రంగుకి రాలేదు. ఫోన్ ముక్క తీయకుండానే మధ్యాహ్నానికి తమ్ముడి సెలవు అయిపోయింది, క్యాంప్ బస్సు డ్రైవరు యల్లా యల్లా, పద పద అని కేకేశాడు. నేను ఏ భాషలో ఎవర్ని బతిమాలను?

"ఏం గాదక్కా. అంగిని మాత్రం పెండ్లికొడుకు అంగి లెక్క జేసినవ్," అన్నాడు.

"మరి మీ అమ్మకేం చెప్తావు తమ్ముడూ?"

"గదే సమజైతలేదు," అని బస్సెక్కాడు. మళ్లీ కనబడలేదు.

మొన్న నువ్వే కదా ఆ సినిమా ఫోన్లో వెతికి పెట్టావు. అందులో తమ్ముడి ముఖం లేదు, వెనకనుంచి నడిచే వీపు ఉంది, దాని మీద నేను ఉతకకముందు మట్టి. ఆ తల్లి చూసిందో లేదో గాని, చూసుంటే ఆవిడకి కనబడింది అదొక్కటే. మా కాలంలో మురికి కనిపిస్తే అడక్కుండా ఉతికేవాళ్లం, మన అనుకున్న మనిషికి చేసే పని అదే అనుకునేవాళ్లం. ఇప్పుడు నీ జీన్స్ ఆ మరకలతోనే కుర్చీ మీద ఉంది, నేను ముట్టుకోకుండా పక్కనుంచి వెళ్తున్నాను.