ఒక్క పైపు చాలన్నాను

కొత్త ఇంట్లో అడుగుపెట్టిన రోజే నేను ఒక పెద్దమనిషిని ఉడకబెట్టినంత పని చేశాను. మా బంధువుల్లో ఎవరిని అడిగినా ఈ ఘనకార్యం గురించి చెబుతారు. వాళ్ళయితే నాలుగు కలిపి చెబుతారు కాబట్టి నా నోటితోనే వినండి.

సూర్యాపేటలో ఇల్లు కడుతున్నప్పుడు స్నానాలకు నీళ్ళు దేనితో కాచాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. మా ఆవిడ సునీత గీజరంది. మా అమ్మ పెరట్లో కట్టెల బాయిలరంది. నేనేమో బడిలో ఫిజిక్స్ చెబుతాను. ఇరవై రోజులు ఫోన్లో వీడియోలు చూసి, సూర్యుణ్ణి నేనే కనిపెట్టినంత ధీమాగా సోలార్ హీటర్ అన్నాను. నా మాటే నెగ్గింది. అదే కొంప ముంచింది.

మాడుగులపల్లి నుంచి వచ్చిన ప్లంబర్ యాదగిరి గోడ మీద రెండు గీతలు గీశాడు.

"సార్, ఒకటి వేడినీళ్ళకు, ఒకటి సల్లనీళ్ళకు. రెండు లైన్లు కావాలె."

"గోడంత పలగ్గొడ్తవా ఏంది? ఒక్క పైపు సాలు. అన్ని నల్లాలకు సోలార్ నీళ్ళే ఇయ్యి."

"మరి ఎండకాలం ఎట్ల సార్?"

"ఎండకాలం వేడినీళ్ళు ఎవరు పోసుకుంటరయ్యా?"

నిజంగా ఇలాగే అన్నాను. మనకు అక్కర్లేదని తెలిస్తే సూర్యుడు కాచడం మానేస్తాడనుకున్నాను కాబోలు! యాదగిరి నన్ను జాలిగా చూసి ఒక గీత చెరిపేశాడు.

గృహప్రవేశం మే నెలలో పడింది. మేమంతా పొద్దున్నే కిరాయి ఇంట్లో స్నానాలు చేసి వచ్చాం. వ్రతం చేయించే అయ్యగారూ వచ్చేశారు. పదకొండింటికి సునీత పెదనాన్న రాఘవరావుగారు కోదాడ నుంచి దిగారు. రిటైరైన తహసీల్దారు. స్నానం చేసి వ్రతానికి కూర్చుంటానంటూ బాత్రూంలోకి వెళ్ళారు. మొదట పైపులో నిలిచిన నీళ్ళు వచ్చినట్టున్నాయి, తల తడుపుకుని సబ్బు రుద్దుకున్నారు. ఆ తర్వాత అసలు నీళ్ళొచ్చాయి.

లోపలి నుంచి ఒక్క కేక. నేను తలుపు దగ్గరికి పరిగెత్తాను.

"మామయ్యా, ఏమైంది?"

"చెయ్యి కాలిందయ్యా! కళ్ళనిండా సబ్బు! చన్నీళ్ళ కుళాయి ఎటుంది?"

"లేదు మామయ్యా."

"లేదా? ఇక్కడేదో చేతికి తగులుతోందిగా. తిప్పనా?"

అది షవర్. తిప్పితే ఆ కాగిన నీళ్ళు నేరుగా నెత్తిన పడతాయి.

"తిప్పకుండ్రి! మీకు దండం పెడత! ఏది ముట్టకుండ్రి, చేతులు కట్టుకొని నిలవడుండ్రి!"

"గడియ తీయండి పెదనాన్నా!" సునీత తలుపు బాదింది.

"బిగుసుకుపోయిందమ్మా. కళ్ళు తెరవలేకపోతున్నా. కాలు జారుతోంది!"

అప్పటిదాకా ముసిముసిగా నవ్వినవాళ్ళు కూడా ఆగిపోయారు. డెబ్బై దాటిన మనిషి, కొత్త టైల్సు, కింద సబ్బు నురగ. చుట్టాల కోసం తెప్పించిన కూలింగ్ వాటర్ క్యాన్ సగం మిగిలి ఉంది. దాన్ని ఎత్తుకుని ఇంటి వెనక్కి ఉరికి, స్టూలెక్కి వెంటిలేటర్ అద్దాలు ఊడబీకాను.

"మామయ్యా, కదలకుండ్రి, సల్లనీళ్ళు పోస్తున్న!"

చెంబుతో పోయాల్సింది. కంగారులో క్యానే వంచేశాను. అందులో ఐసు గడ్డలున్న సంగతి నాకు తెలియదు. రెండో కేకకు పక్కిళ్ళవాళ్ళు కూడా బయటికొచ్చారు. కానీ ఆయన కళ్ళలో సబ్బు పోయింది. కాసేపటికి గడియ కూడా ఊడింది.

తువ్వాలు చుట్టుకుని, వణుకుతూ బయటికొచ్చారు. చెయ్యి కాస్త ఎర్రబడింది, అంతే. సునీత మందు రాసింది. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు.

"కాల్చావు, గడ్డకట్టించావు. ఇంకేమైనా మిగిలిందా అల్లుడూ?"

నేను తల దించుకున్నాను. "అంత అయిపోయింది మామయ్యా."

"సరే, అయ్యగారిని పిలువు. వ్రతం మొదలుపెడదాం."

"కాళ్ళు కడుక్కొని వస్తనని పోయిండు," అంది మా అమ్మ, రెండో బాత్రూం వైపు చూపిస్తూ.

నేను పరిగెత్తేలోపే మూడో కేక వినిపించింది.

అయ్యగారు బర్నాల్ రాసుకున్న పాదాలతోనే వ్రతం చేయించారు. మర్నాడే యాదగిరి వచ్చి కొత్త టైల్సు పగలగొట్టి రెండో పైపు వేశాడు. పెంకులు నేనే ఎత్తిపోశాను. మీ అందరి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను: ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు నా పాఠాలు పిల్లలకే చెబుతాను, ప్లంబర్లకు చెప్పను.